కనప చెట్ల మీద బదనికలు: గోదావరి డెల్టాలో అడవి ఆర్కిడ్ల లెక్క, 19 నెలల ప్రాజెక్టు డైరీ

2024 జూన్ నుంచి 2025 డిసెంబరు వరకు, గౌతమీ పాయకు ఇరువైపులా, కోరంగి మడ అడవికి ఎగువన ఉన్న మురుగు కాలువల గట్ల మీద, చెట్ల మీది అడవి ఆర్కిడ్లను లెక్కించి, కూలే చెట్ల మీదివాటిని వేరే చెట్లకు మార్చేందుకు మేము చేసిన పని వివరాలివి. ఇదే పని తమ ఊళ్ళో చేయదలచినవారు మా కొలతలను వాడుకోవచ్చు, మా పొరపాట్లను తప్పించుకోవచ్చు. చెట్లు ఎక్కడ ఉన్నాయో మాత్రం రాయడం లేదు. వాండా అనే ఆర్కిడ్ వేళ్ళను రాస్నా పేరిట మందుల కోసం కొనేవారున్నారు కనుక, చోటు చెబితే మొక్కలు మిగలవు.

డెల్టా అనగానే వరి చేలు, కొబ్బరి తోటలు గుర్తుకు వస్తాయి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి కాలువలు పారిన తరువాత పల్లపు నేలలు చాలావరకు సాగులోకి వచ్చాయి. మంచినీటి చిత్తడిలో పెరిగే చెట్లు ఇప్పుడు మురుగు కాలువల ఒడ్డున, పాత చెరువుల అంచున, గుడి మాన్యాల మూలల్లో మాత్రమే కనిపిస్తాయి. వీటిలో ముఖ్యమైనది కనప చెట్టు, శాస్త్రీయ నామం బారింగ్టోనియా అక్యుటాంగులా. ఎర్రటి పూల తోరణాలు రాత్రి విచ్చుకుని తెల్లవారేసరికి నీటి మీద రాలి ఉంటాయి. దాని తోడుగా నేరేడు, కానుగ, మొగలి పెరుగుతాయి. సింగపూరులో మిగిలిన ఒకే ఒక్క మంచినీటి చిత్తడి అడవి నీ సూన్‌కు ప్రకృతి రక్షిత ప్రాంతమన్న హద్దు ఉంది. మా కనప గుంపులు ఏ పటంలోనూ అడవిగా లేవు. పూడిక తీసే యంత్రం వచ్చిన రోజున అవి అడ్డం వచ్చిన చెట్లు, అంతే.

దశ 1: లెక్క (2024 జూన్–ఆగస్టు)

మృగశిర కార్తెలో మొదలుపెట్టి 64 పెద్ద చెట్లను దుర్భిణితో కింద నుంచి చూసి, 31 చెట్ల మీద 148 ఆర్కిడ్లు ఉన్నాయని పుస్తకంలో రాసుకున్నాము. ఈ రెండు అంకెలూ తప్పే.

మొదటి తప్పు పేరులోనే ఉంది. మా ప్రాంతంలో చెట్టు మీద పెరిగే దేన్నయినా బదనిక అంటారు. మామిడి కొమ్మలోకి చొచ్చుకుపోయి దాని రసాన్ని పీల్చే పరాన్నజీవి మొక్కకూ అదే పేరు, బెరడును పట్టుకుని వాన నీటితోనూ గాలిలోని తేమతోనూ బతికే ఆర్కిడ్‌కూ అదే పేరు. రైతు రెండింటినీ ఒకే కొడవలితో కోసి పారేయడానికి కారణమూ ఇదే. కింద నుంచి చూసిన మేము కూడా అదే పొరపాటు చేశాము. తాటిచెట్లు గీసే బాబాయి మోకు వేసుకుని మా పన్నెండో చెట్టు ఎక్కి, "ఇది తమరు చెప్పిందేం కాదండి మాస్టారూ, కొమ్మలోనే మొలిచిందండి ఇది" అని పైనుంచి కేక వేసినప్పుడు గాని మాకు తెలియలేదు. అప్పటి నుంచి ప్రతి చెట్టునూ మళ్ళీ ఎక్కించాము. గుర్తుపట్టే పద్ధతి ఇది.

1. మొక్క మొదలు చూడాలి. అది కొమ్మలో కలిసిపోయి కణితిలా ఉబ్బి ఉంటే పరాన్నజీవి. మొదలు విడిగా ఉండి, పెన్సిలు లావు వేళ్ళు బెరడు మీద పాకుతుంటే ఆర్కిడ్.
2. సీసాతో వేళ్ళ మీద నీళ్ళు చిమ్మాలి. ఆర్కిడ్ వేరు ఎండినప్పుడు సున్నం పూసినట్టు తెల్లగా ఉంటుంది. నీరు తగిలిన కొన్ని క్షణాల్లో ఆ తెలుపు పలచబడి లోపలి ఆకుపచ్చ పైకి తేలుతుంది. స్పాంజి వంటి పై పొర నీటిని పీల్చి పారదర్శకంగా మారడమే ఇందుకు కారణం.
3. ఆకు అమరిక చూడాలి. మాకు కనిపించిన రెండు రకాల ఆర్కిడ్లకూ (వాండా, అకాంపె) ఆకులు రెండు వరుసల్లో, పట్టీల్లా, ఒకదాని మొదలును మరొకటి కప్పుతూ ఉంటాయి.

రెండో తప్పు ఏది ఒక మొక్క అన్నది ముందుగా తేల్చుకోకపోవడం. అకాంపె గుబురుగా పెరుగుతుంది. ఒకరు ఒక్కో కాడనూ లెక్కపెట్టారు, మరొకరు గుబురును ఒకటిగా రాశారు. జానెడు దూరంలోపు ఉండి వేళ్ళు పెనవేసుకున్న కాడలన్నీ ఒకే మొక్క అని నియమం పెట్టుకుని మళ్ళీ లెక్కించాము. ఏడు చెట్ల మీద ఉన్నవి పరాన్నజీవులని తేలింది.

ఆగస్టు 25 నాటి మొత్తం: చూసిన చెట్లు 64. ఆర్కిడ్లున్న చెట్లు 24 (కనప 9, మామిడి 8, చింత 3, నేరేడు 2, తాటి 2). మొక్కలు 97 (వాండా టెస్సెలేటా 71, అకాంపె ప్రీమోర్సా 26). ఖర్చు రూ. 2,860.

వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ ఈ రెండు జాతులనూ 1795లో ఎపిడెండ్రమ్ అనే ప్రజాతి కింద వర్ణించి ప్రచురించాడు. అంతకు ముందు సంవత్సరాల తరబడి ఆయన ఉన్నది సామర్లకోటలోనే. కాకినాడకు కూతవేటు దూరంలో నివసించిన మనిషి వర్ణించిన మొక్కలకు మన ఊళ్ళలో ఇప్పటికీ సొంత పేరు స్థిరపడకపోవడం నాకు బాధగా ఉంది. మేము మా లెక్క పుస్తకంలో వాండాను కనప బదనిక అనీ, అకాంపెను గుబురు బదనిక అనీ రాసుకుంటున్నాము. మొదటి పేరు బాబాయి నోట విన్నది, రెండోది మా సౌకర్యం కోసం పెట్టుకున్నది.

దశ 2: పసుపు రంగు అంకెలు (2024 సెప్టెంబరు)

ఈ దశ గురించి రాయడం కష్టంగా ఉంది, కానీ అన్నిటికంటే ముందు చదవవలసింది ఇదే.

లెక్కించిన చెట్లకు గుర్తుగా ఛాతీ ఎత్తున పసుపు ఎనామిల్ రంగుతో అంకెలు వేశాము. సెప్టెంబరు మొదటి వారంలో రోడ్డు వెడల్పు పని మా 14వ నంబరు మామిడి వరకు వచ్చింది. కొట్టవలసిన చెట్లకు పనివాళ్ళు వేసిన గుర్తులు కూడా రంగు అంకెలే. 14వ చెట్టు వారి హద్దుకు నాలుగు అడుగుల అవతల ఉన్నప్పటికీ, మీద అంకె ఉంది కాబట్టి కొట్టేశారు. మేము వెళ్ళేసరికి మాను మూడు ముక్కలై, ఏడు ఆర్కిడ్లూ దుమ్ములో పడి ఉన్నాయి. ఆ రోజు ఎవరినీ ఒక మాట అనలేకపోయాము. అంకె వేసింది మేమే.

మార్చినవి:

1. మిగిలిన 23 చెట్ల మీది రంగును తీగ కుంచెతో, బెరడు దెబ్బతినకుండా తుడిచేశాము. రెండు రోజులు పట్టింది.
2. బొటనవేలి గోరంత అల్యూమినియం బిళ్ళ మీద అంకెను మేకుతో చెక్కి, వదులుగా ఉండే తీగ స్ప్రింగుతో, రోడ్డుకు వెనుక వైపు కొమ్మకు కట్టాము. చెట్టు లావెక్కినా స్ప్రింగు సాగుతుంది.
3. చెట్టు ఎవరి స్థలంలో ఉందో వారికి ముందుగా చెప్పి, వారి ఎదుటే బిళ్ళ కట్టాము. ఇది మొదటే చేసి ఉంటే 14వ చెట్టు యజమాని ఆ రోజు అడ్డుకునేవారని ఆయనే చెప్పారు.

సెప్టెంబరు 12 నాటి మొత్తం: చెట్లు 23. చెట్ల మీద మొక్కలు 90. కింద నుంచి ఏరినవి 7.

దశ 3: మొదటి మార్పిడి (2024 సెప్టెంబరు–డిసెంబరు)

అదే నెలలో రొయ్యల చెరువు తవ్వకం కోసం మా లెక్కలో లేని మరో మామిడి పడింది. దాని మీద నుంచి 11 మొక్కలు దొరికాయి. మొత్తం 18 మొక్కలను ఆరు చెట్లకు కట్టాము. కొబ్బరి పీచు మా ప్రాంతంలో ఎక్కడపడితే అక్కడ దొరుకుతుంది కాబట్టి, అరచేతి మందాన పీచు పరచి, దాని మీద మొక్కను ఉంచి, నైలాను దారంతో బిగించాము. నర్సరీల్లో ఇలాగే చేస్తారని మా ధీమా.

అక్టోబరు వానలకు పీచు తడిసి, ఎండే వ్యవధి లేక, వారాల తరబడి ముద్దగా ఉండిపోయింది. వాండా వేరు తడిసిన గంటల్లోనే ఆరాలి. నవంబరు 10న ఒక మొక్క కట్టు విప్పి చూస్తే, బెరడు వైపున్న వేళ్ళు గోధుమరంగుకు తిరిగి, వేలితో నొక్కితే పై పొర తొడుగులా ఊడివచ్చింది. లోపల దారం వంటి నార మాత్రమే మిగిలింది. మరో మూడింటిలో చీమలు పీచులో గూడు పెట్టాయి. నైలాను దారం రెండు మొక్కల కాడలోకి కోసుకుపోయింది.

డిసెంబరు 29 నాటి మొత్తం: మార్చినవి 18. చనిపోయినవి 7. బతికినవి 11. బతికినవాటిలో కొత్త వేరు వేసినవి 4 మాత్రమే. ఖర్చు రూ. 4,310.

మిగిలిన 11 మొక్కల పీచును అదే వారంలో తీసేశాము. పీచు ఇంకో హాని కూడా చేసిందని ఆరు నెలల తరువాత తెలిసింది. అది దశ 7లో వస్తుంది.

దశ 4: మడ అడవిలో సున్నా (2024 డిసెంబరు)

కోరంగి అభయారణ్యం 1978లో ఏర్పడింది, విస్తీర్ణం 235.7 చదరపు కిలోమీటర్లు. చిత్తడి అడవి అని ఎవరిని అడిగినా దాన్నే చూపిస్తారు. అందువల్ల ఆర్కిడ్లు అక్కడే ఎక్కువగా ఉండాలని మేమూ అనుకున్నాము. అటవీ శాఖ అనుమతితో, లోపల ఏ మొక్కనూ ముట్టుకోకుండా, చూసి రాసుకోవడానికి మాత్రమే వెళ్ళాము. అభయారణ్యం నుంచి మొక్కను తీయడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

మొదటి ప్రయాణం వృథా అయింది. కాకినాడ రేవు పోటు వేళలను చూసుకుని బయలుదేరాము గాని, అదే పోటు కాలువల వెంట లోపలికి చేరడానికి పట్టే సమయాన్ని లెక్కలోకి తీసుకోలేదు. పడవ బురదలో కూర్చుండిపోయి మూడు గంటలు పోయాయి. రెండోసారి సరంగు చెప్పిన వేళకే వెళ్ళాము. పది మీటర్ల నలుచదరపు గళ్ళు 12 కొలిచి, ప్రతి గడిలోని మడ, తిల్ల, ఉప్పు పొన్న, గుగ్గిలం చెట్లను మొదలు నుంచి కొస దాకా చూశాము. తిల్ల కొమ్మ విరిగితే కారే పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం కాబట్టి కళ్ళద్దాలు తప్పనిసరి.

12 గళ్ళలోనూ ఆర్కిడ్ ఒక్కటీ లేదు. అడవి మొత్తంలో లేవని దీని అర్థం కాదు. మేము చూసిన మేర 1,200 చదరపు మీటర్లు మాత్రమే. అయినా ఈ సున్నాను పుస్తకంలో పెద్ద అక్షరాలతో రాశాము. ఎందుకంటే, మడ అడవికి రక్షణ ఉంది గనుక ఆర్కిడ్లు కూడా భద్రమేనన్న ఊరట ఆ రోజుతో పోయింది. మా లెక్కలోని 90 మొక్కలూ అభయారణ్యం హద్దుకు బయట, ఎవరి రక్షణా లేని గట్ల మీదే ఉన్నాయి.

ఖర్చు, పడవ బాడుగలతో కలిపి: రూ. 7,660.

దశ 5: వరి గట్ల మీద (2025 జనవరి)

సార్వా కోతలు పూర్తయి దాళ్వా నాట్లు పడుతున్న రోజుల్లో, నేల మీద పెరిగే ఆర్కిడ్ జ్యూక్సైన్ స్ట్రాట్యుమాటికా గట్ల మీద పూస్తుంది. గడ్డి వంటి సన్నని ఆకులు, కాస్త రాగి రంగు తిరిగిన కాడ, కొసన పసుపు పెదవి ఉన్న చిన్న తెల్లని పూల కంకి. జానెడు కంటే ఎత్తు పెరిగినవి మాకు కనిపించలేదు. వంగి చూస్తే తప్ప గడ్డిలో తేడా తెలియదు. వంద మీటర్ల గట్టు మీద 46 మొక్కలు లెక్కపెట్టాము. పన్నెండు రోజుల తరువాత వెళ్తే అందులో 40 మీటర్ల మేర కలుపు మందు కొట్టి ఉంది. ఆ మేరలో ఒక్కటీ మిగల్లేదు, మిగిలిన 60 మీటర్లలో 29 ఉన్నాయి. మందు కొట్టిన రైతును తప్పుపట్టలేము, ఆయనకు అది గడ్డే. మరుసటి పంటకు ఆయన గట్టులో పది గజాలు వదిలిపెట్టడానికి ఒప్పుకున్నారు.

దశ 6: పిల్ల మొక్కలు (2025 ఫిబ్రవరి–మార్చి)

మొదటి లెక్కలో మొక్క వయసు గురించి ఏమీ రాసుకోలేదు. 90 అన్న అంకె చూసి సంతోషించాము. అయితే వాండా పాతికేళ్ళ నాడు మొలిచినదై ఉండవచ్చు, ఈ ఏడు మొలిచినదై ఉండవచ్చు. అన్నీ ముసలివే అయితే ఆ 90 మనకు చెప్పేది గడిచిపోయిన కాలపు సంగతి. అందుకని ప్రతి చెట్టునూ మూడోసారి ఎక్కి, నాలుగు ఆకులకు మించని, ఐదు సెంటీమీటర్ల లోపు ఆకులున్న వాటిని పిల్ల మొక్కలుగా విడిగా రాశాము. చెట్టు చుట్టుకొలతను నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున టేపుతో తీసుకున్నాము.

మార్చి 16 నాటి మొత్తం: మొక్కలు 90. పిల్లలు 11. పిల్లల్లో కనప చెట్ల మీదివి 8, మామిడి మీదివి 3. చింత, నేరేడు, తాటి మీద ఒక్కటీ లేదు.

చుట్టుకొలతలు చూశాక విషయం ఇంకా స్పష్టమైంది. పిల్లలున్న చెట్లలో 150 సెంటీమీటర్లకు తక్కువ చుట్టుకొలత ఉన్నది లేదు. కాలువ గట్ల మీద కొత్తగా నాటిన చెట్ల వరుసల్లో ఆర్కిడ్లే లేవు. ముసలి కనప బెరడు నిలువు పగుళ్ళతో, పగుళ్ళలో పాచితో ఉంటుంది. పాచిని వేలితో పక్కకు జరిపి చూస్తే, వడ్లగింజ అంత పిల్ల మొక్క ఒకటి రెండు ఆకులతో, ఒకే ఒక్క వేరుతో పగులులో ఇరుక్కుని కనిపించింది. 11వ పిల్ల అదే. బాబాయి దాన్ని చూసి, తిరిగి పాచి కప్పి, మాట్లాడకుండా దిగారు.

ఆర్కిడ్ గింజ ధూళి వంటిది. దానిలో మొలకకు కావలసిన ఆహారం ఉండదు. బెరడులో ఉండే తగిన శిలీంధ్రం దానికి ఆహారం అందిస్తేనే మొలుస్తుంది. పెద్ద మొక్కను చెట్టు నుంచి చెట్టుకు మార్చగలం. ఆ శిలీంధ్రంతో సహా బెరడును మార్చలేము. అప్పటి వరకు ఎన్ని మొక్కలు బతికించామన్నదే మా లెక్క. ఇక్కడి నుంచి ఎన్ని ముసలి కనపలు నిలిచి ఉన్నాయన్నదాన్ని కూడా ప్రతి మొత్తంలో రాస్తున్నాము. మార్చి నాటికి 9.

దశ 7: కాలువలు కట్టేసిన వేసవి (2025 ఏప్రిల్–జూన్)

మరమ్మతుల కోసం వేసవిలో డెల్టా కాలువలకు నీరు ఆపేస్తారు. మార్చిన 11 మొక్కలకు వారానికి రెండుసార్లు పిచికారీ చేస్తున్న మేము, కాలువ ఎండిపోయాక పక్కనే ఉన్న మురుగు కాలువ నీటిని పట్టాము. మూడు వారాల్లో ఆకు కొసలు నల్లబడ్డాయి, వేళ్ళ కొసన ఉండే లేత ఆకుపచ్చ మొన ఎండి మూసుకుపోయింది.

నీటిలో ఉప్పు చూడడానికి మా దగ్గర రెండు చిన్న మీటర్లున్నాయి. ఒకే సీసాలోని నీటికి ఒకటి 2,300 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఉప్పు భాగాలు), మరొకటి 3,220 పీపీఎం చూపించింది. మీటరు చెడిపోయిందని నాలుగు రోజులు వృథా చేశాము. ఏదీ చెడిపోలేదు. రెండూ కొలిచేది విద్యుత్ వాహకతనే. దాన్ని పీపీఎంగా మార్చేటప్పుడు ఒకటి 0.5తోనూ, మరొకటి 0.7తోనూ గుణిస్తుంది. అసలు వాహకత రెండింటిలోనూ సెంటీమీటరుకు 4,600 మైక్రోసీమెన్లు. అంతకు ముందు రాసుకున్న 17 కొలతల్లో ఏది ఏ మీటరుదో రాయలేదు కాబట్టి అన్నిటినీ కొట్టేశాము. పాటించవలసినవి:

1. పీపీఎం రాయవద్దు. మైక్రోసీమెన్లలో మాత్రమే రాయాలి.
2. నెలకోసారి 1,413 మైక్రోసీమెన్ల ప్రమాణ ద్రావణంలో ముంచి సరిచూసుకోవాలి.
3. మీటరు నంబరు, తేదీ, గంట, నీరు ఎక్కడిదన్నది అంకె పక్కనే రాయాలి.

సరిచూసిన మీటరుతో మే నెల కొలతలు: మురుగు కాలువ 4,600. కాలువ ఎండక ముందు పట్టి ఉంచిన నీరు 350. డాబా మీద పట్టిన వాన నీరు 30. అప్పుడే అనుమానం వచ్చి, మిగిలిపోయిన కొబ్బరి పీచును వాన నీటిలో రాత్రంతా నానబెట్టి పిండి చూస్తే 1,900 వచ్చింది. ఉప్పుటేరు నీటిలో ఊరబెట్టిన పీచును కడగకుండా కట్టామన్నమాట. మొదటి విడతలో చనిపోయిన ఏడింటిలో ఎన్ని కుళ్ళి పోయాయో, ఎన్ని ఉప్పుకు పోయాయో ఇప్పుడు విడదీసి చెప్పలేము.

జూన్ 8 నాటి మొత్తం: మార్చినవి 18. బతికినవి 8. ఎండాకాలంలో పోయినవి 3. ముసలి కనపలు 9. ఖర్చు రూ. 9,940.

దశ 8: రెండో మార్పిడి (2025 జూన్–సెప్టెంబరు)

జూన్ మూడో వారంలో ఒక చెరువు గట్టు వెడల్పు చేస్తూ మా లెక్కలో లేని రెండు చెట్లు కొట్టబోతున్నారని ముందే కబురు వచ్చింది. చెట్టు నిలిచి ఉండగానే తీయడం వల్ల ఈసారి పని చాలా తేలికైంది. 14 మొక్కలు. పద్ధతి ఇలా మార్చాము.

1. తీయకముందు ప్రతి మొక్కకూ ఎండ తగిలే వైపును సుద్దతో ఆకు వెనుక గుర్తు పెట్టాము. కొత్త చెట్టు మీదా అదే దిక్కుకు తిప్పి కట్టాము.
2. వేళ్ళను గోకి తీయలేదు. వీలున్న చోట వేళ్ళు పట్టుకున్న బెరడు పెచ్చును ఉలితో మొక్కతో సహా లేపాము. ఎలాగూ కొట్టబోయే చెట్టు కాబట్టి ఇది చేయగలిగాము.
3. పీచు లేదు, నాచు లేదు. బెరడును నేరుగా బెరడుకు ఆనించాము.
4. పాత నూలు చీరను రెండు వేళ్ళ వెడల్పున చింపి, మూడు చోట్ల కట్టాము. ముందు రెండు మొక్కలకు అరటి నారతో కడితే ఐదు వారాల్లో నార కుళ్ళి తెగిపోయింది. నూలు గుడ్డ నాలుగు నెలలు నిలిచింది, అప్పటికి వేళ్ళు సొంతంగా పట్టుకున్నాయి.
5. మొవ్వులో నీరు నిలవకుండా మొక్కను కొద్దిగా ముందుకు వంచి కట్టాము. ఎత్తు మూడు మీటర్లకు తగ్గలేదు.
6. నీరు పోయలేదు. పని వానాకాలం మొదట్లోనే ముగించడమే అందుకు కారణం.

నెలనెలా దారంతో వేరు పొడవు కొలిచి, ఆ దారాన్ని స్కేలు మీద పెట్టి రాసుకున్నాము. సెప్టెంబరు 21 నాటికి 14లో 13 బతికాయి. కొత్త వేరు వేసినవి 10, వాటిలో అన్నిటికంటే పొడవైనది 6.5 సెంటీమీటర్లు. అరటి నార తెగి పడిపోయిన రెండింటిలో ఒకటి పోయింది, మరొకదాన్ని మళ్ళీ కట్టాము.

మొదటి విడతలోని ఒక వాండా జూలైలో పూసింది. పచ్చని పసుపు రేకుల మీద గోధుమరంగు గళ్ళు, మధ్యలో ఊదా పెదవి. టెస్సెలేటా అన్న పేరు ఆ గళ్ళ వల్ల వచ్చినదే. పొద్దున్నే వెళ్తే నిచ్చెన సగంలో ఉండగానే వాసన తెలిసింది.

సెప్టెంబరు 21 నాటి మొత్తం: మార్చినవి 32. బతికినవి 21. ముసలి కనపలు 9. ఖర్చు రూ. 10,720.

దశ 9: తుఫాను (2025 అక్టోబరు–నవంబరు)

మొంథా తుఫాను అక్టోబరు 28 రాత్రి మచిలీపట్నం, కాకినాడల మధ్య తీరం దాటింది. 30న గాని గట్ల మీదికి పోలేకపోయాము. మార్పిడి మొక్కలున్న రెండు చెట్లు పడిపోయాయి. వాటి మీది ఐదింటిలో ఒకటి నలిగిపోయింది, నాలుగింటిని మళ్ళీ కట్టాము. నూలు కట్లతో నిలిచి ఉన్న చెట్ల మీద ఉన్నవి ఒక్కటీ ఊడలేదు.

అసలు నష్టం వేరే. మా 3వ నంబరు కనప, చుట్టుకొలత 212 సెంటీమీటర్లు, మురుగు కాలువలోకి ఒరిగి పడింది. ఏడాది కిందట పూడిక తీసినప్పుడు యంత్రం కాలువ వైపు వేళ్ళను తెంపి ఉండడం పెల్లగిలిన మన్నులో స్పష్టంగా కనిపించింది. పాత కోత, అంచులు నల్లబడి ఉన్నాయి. దాని మీద తొమ్మిది మొక్కలు, అందులో మూడు పిల్లలు. నీటి మట్టం పెరగకముందే, రెండు గంటల్లో, తొమ్మిదింటినీ బెరడు పెచ్చులతో సహా తీసి మరో రెండు కనపలకు కట్టాము. ఒక పిల్ల మొక్క పెచ్చు ఎండి నవంబరులో పోయింది. వడ్లగింజ అంత ఉన్న 11వ పిల్ల అదే.

నవంబరు 30 నాటి మొత్తం: మార్చినవి 41. బతికినవి 28. చెట్ల మీద సహజంగా ఉన్నవి 81. ముసలి కనపలు 8.

దశ 10: గింజల సంచులు, కనప నారు (2025 డిసెంబరు)

ఫిబ్రవరిలో విరిగిన కొమ్మ మీద దొరికిన ఒక వాండా కాయలోని గింజలను సన్నని నైలాను వల గుడ్డతో చేసిన 24 సంచుల్లో వేసి, నాలుగు చెట్ల బెరడు పగుళ్ళలో ఆరేసి చొప్పున పెట్టి ఉంచాము. తుఫాను తరువాత 15 దొరికాయి. పది రెట్ల భూతద్దం కింద తెరిచి చూస్తే 13 సంచుల్లో గింజలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. రెండింటిలో ఆవగింజలో సగం కూడా లేని ఆకుపచ్చ చుక్కలు కనిపించాయి, ఒకదానిలో ఆరు, మరొకదానిలో రెండు. ఆ రెండు సంచులూ కనప మీదివి, పెద్ద వాండా వేరుకు జానెడు లోపు పెట్టినవి. ఇంత తక్కువ సంఖ్యతో ఏదీ రుజువైనట్టు కాదు. మళ్ళీ చేసేవారు ప్రతి చెట్టు మీద సగం సంచులను పాత వేళ్ళ పక్కన, సగం దూరంగా పెట్టి, స్టీలు తీగతో కట్టాలి. మేము దారంతో కట్టి తొమ్మిదింటిని పోగొట్టుకున్నాము.

పడిపోయిన 3వ నంబరు కనప కింద ఏరిన నాలుగు పలకల కాయలు 40 నారు సంచుల్లో పెట్టాము. డిసెంబరు 28 నాటికి 27 మొలిచాయి. నారు నాటడానికి ముగ్గురు రైతులు తమ చెరువు గట్లు ఇచ్చారు, రొయ్యల చెరువు నీరు చేరని వైపున. నాటబోయే మూడు చోట్లా నీటి వాహకత వరుసగా 380, 410, 520 మైక్రోసీమెన్లు. నీటిపారుదల పనులు చూసే ఇంజనీరు ఒకరికి మిగిలిన ఎనిమిది చెట్ల బిళ్ళ నంబర్లు ఇచ్చి, పూడిక తీసేటప్పుడు కాలువ వైపు మూడు మీటర్లు వదలమని అర్జీ పెట్టాము. జవాబు రాలేదు. జనవరిలో మళ్ళీ వెళ్తాము.

డిసెంబరు 31 నాటి మొత్తం: మార్చినవి 41. బతికినవి 28. సహజంగా ఉన్నవి 81. ముసలి కనపలు 8. కనప నారు 27, మొదలు దగ్గర సగటు మందం 6 మిల్లీమీటర్లు. ఖర్చు రూ. 12,480.